కరెన్సీ కూలినప్పుడు ఎవరి డబ్బు పోతుందో చూడండి

ఎక్కడైనా ఒక దేశం కరెన్సీ కుప్పకూలిందంటే చాలు, "నోట్లు ఎడాపెడా అచ్చేశారు, అందుకే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నోట్లు అచ్చేయడం చాలాసార్లు చివర్లో జరిగే పని. దానికి ముందు ఏళ్ల తరబడి పన్నులు సరిగ్గా వసూలు చేయకుండా, అప్పు మీద అప్పు తెస్తూ, అంతా బాగానే ఉందని జనాన్ని నమ్మించిన పెద్దమనుషులు ఉంటారు. నా కోపమంతా వాళ్ల మీదే.

లెబనాన్‌నే తీసుకోండి. 1997 నుంచి డాలరుకు దాదాపు 1,507 లెబనాన్ పౌండ్లు అని రేటు కట్టేసి ఉంచారు. దేశం బయటికి అమ్మేది తక్కువ, బయట కొనేది చాలా ఎక్కువ. మరి ఆ తేడాకి డాలర్లు ఎక్కణ్ణుంచి రావాలి? పెద్ద వడ్డీ ఆశ చూపించి, విదేశాల్లో కష్టపడుతున్న తమ వాళ్ల డబ్బంతా బ్యాంకులు డిపాజిట్లుగా లాగాయి, లాగి కేంద్ర బ్యాంకుకీ ప్రభుత్వానికీ అప్పిచ్చాయి, పాతవాళ్లకి కట్టాల్సింది కొత్తగా వచ్చిన డబ్బుతో కడుతూ పోయారు. 2019లో ఆ కొత్త డబ్బు సరిపోలేదు. అంతే, ఎవరి డబ్బు వాళ్లకి ఇవ్వడం మానేశారు. 2020 మార్చిలో ప్రభుత్వం విదేశీ అప్పు ఎగ్గొట్టింది. 2023 వచ్చేసరికి పౌండు విలువలో 90 శాతానికి పైగా పోయింది. ఇంట్లోవాళ్ల వైద్యం కోసం, తమ సొంత డిపాజిట్ ఇమ్మని 2022లో తుపాకీ పట్టుకుని బ్యాంకులోకి వెళ్లిన మామూలు మనుషులున్నారు ఆ దేశంలో. వాళ్లని ఆ స్థితికి తెచ్చింది ఎవరు?

ఇలా రేటు కట్టేసి కూర్చోవడం ఎంత ప్రమాదమో శ్రీలంకలోనూ చూశాం. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు, తర్వాత కోవిడ్‌తో టూరిస్టులు ఆగిపోయారు, 2021లో రసాయన ఎరువులు నిషేధించి పంటలు పాడు చేశారు. అయినా డాలరుకు 200 రూపాయల దగ్గరే పట్టి ఉంచడానికి ఉన్న డాలరు నిల్వలు కరిగించేశారు. 2022 మార్చిలో రేటు వదిలేస్తే రెండు నెలల్లో 360 దాటింది. అప్పటికి పెట్రోలు కొనడానికి, మందులు తెప్పించడానికి డాలర్లే లేవు.

ధరలు పెరిగితే వ్యాపారులని తిట్టి, ధరలు తగ్గించమని ఆర్డరేస్తే సరిపోతుందనుకునేవాళ్లు జింబాబ్వే చూడాలి. 2007లో ధరలు సగానికి తగ్గించమన్నారు, షాపుల్లో సరుకే మాయమైంది. 2009 జనవరిలో 100 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు వచ్చింది. 2015లో ఆ పాత కరెన్సీని పూర్తిగా రద్దు చేసినప్పుడు, 35,000 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లకి ఒక్క అమెరికా డాలరు ఇచ్చారు. జీతంలో మిగిల్చి దాచుకున్నవాళ్లకి, పెన్షన్ కోసం ఏళ్ల తరబడి కట్టినవాళ్లకి దక్కింది అది.

అందరూ మునిగిపోతారనుకుంటే అదీ పొరపాటే. ముందే డాలర్లుగా మార్చుకున్నవాళ్లు, భూములు కొన్నవాళ్లు, భారీగా అప్పు చేసినవాళ్లు బాగుపడతారు. 1923 జర్మనీలో డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులైన రోజుల్లో మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చుకి ప్రభుత్వానికి అప్పిస్తూ యుద్ధం బాండ్లు కొన్న మధ్యతరగతి సర్వం పోగొట్టుకుంటే, హ్యూగో స్టిన్నెస్ లాంటి పారిశ్రామికవేత్త అప్పులు తెచ్చి కంపెనీలు కొని, విలువలేని మార్కులతో ఆ అప్పు తీర్చేశాడు.

కూలిన తర్వాత చేసే రిపేరు కూడా ఇలాగే ఉంటుంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. శ్రీలంక 2023లో దేశం లోపలి అప్పుని సర్దేటప్పుడు, బ్యాంకులు కూలకూడదని చెప్పి వాటి దగ్గరున్న ట్రెజరీ బాండ్లని, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుంటూ ఇచ్చిన పత్రాల్ని, ముట్టుకోలేదు. ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ బాండ్లని మాత్రం గడువు పెంచి కొత్త బాండ్లలోకి మార్చారు, ఒప్పుకోకపోతే ఎక్కువ పన్ను వేస్తామన్నారు. డాలరు రేటుని 200 దగ్గర ఎన్నాళ్లు పట్టి ఉంచాలో నిర్ణయించినప్పుడు ఆ ఉద్యోగుల్ని ఎవరూ అడగలేదు.