జూమ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జూమ్ గారికి,

విజయవాడ గవర్నర్‌పేట నుంచి ఒక వీడియో ఎడిటర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కుశలం అన్నది మర్యాదకి మాత్రమే.

మొన్న ఒక షష్టిపూర్తి వీడియోకి 72 ఫొటోలు వచ్చాయి. గడువు ఒక్క రాత్రి. కదలని ఫొటోలోకి కెమెరా నడిచి వెళ్తున్నట్టు చూపించడమే కదా తమరి వృత్తి, మీ ఆటోమేటిక్ బటన్ నొక్కి, భారం మీ మీద వేసి పడుకున్నాను. మర్నాడు కల్యాణమండపంలో పెద్ద తెర మీద తమరి లీలలు చూశాం. నిలువు ఫొటోని అడ్డం తెరకి నింపే ఉత్సాహంలో పెళ్లికొడుకు గారికి శిరచ్ఛేదం చేశారు. 1978 నాటి బంధువుల పెళ్లి గ్రూపు ఫొటోలో 40 మంది ఉంటే, అందరినీ తోసుకుంటూ వెళ్లి, నట్టనడుమ ఒక పిల్లవాడి చేతిలోని గోలీసోడా సీసా దగ్గర ఆగారు. 5 సెకన్లు. సెకనుకి 25 లెక్కన 125 ఫ్రేములు, అన్నీ సీసాకే. ముందు వరసలో ఒక పెద్దావిడ, "సోడా ఎవరికి నాయనా?" అని అడిగింది.

మీ వంశం గొప్పదే, కాదనను. మన ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైన 1957లోనే కెనడాలో కోలిన్ లో, వుల్ఫ్ కోనిగ్ బంగారు వేట నాటి పాత ఫొటోల మీద కెమెరాని నడిపించి డాక్యుమెంటరీ తీశారు. 1990లో డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ అమెరికా అంతర్యుద్ధాన్ని అలాగే చూపించి మీకు పేరు తెచ్చాడు. 2003లో ఆపిల్ వారు తమ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఐమూవీలో ఆయన పేరే మీకు పెట్టారు. బర్న్స్ అయితే ముఖాలు వెతుక్కుంటూ వెళ్లేవాడు. తమరు సోడా వెతుక్కుంటూ వెళ్లారు.

ఇంకొకటి. 1920 పిక్సెళ్ల తెరకి 4000 పిక్సెళ్ల ఫొటో ఇస్తే రెండింతలు దగ్గరికి వెళ్లినా ఫరవాలేదు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన ఫొటోలోకి అదే ఊపున దూకితే పెదనాన్న గారి ముఖం మొజాయిక్ గచ్చులా తేలింది.

రాత్రి ఆ గ్రూపు ఫొటో మళ్లీ తెరిచాను. కుడి చివర, స్తంభం వెనక, రెండు జడల పిల్ల మునివేళ్ల మీద లేచి కెమెరాకేసి చూస్తోంది. మొన్న పీటల మీద కూర్చున్న అమ్మగారే! మొదటి కీఫ్రేము, అంటే కదలిక మొదలయ్యే గుర్తు, స్తంభం మీద, ఆగే గుర్తు ఆ కళ్ల మీద పెట్టి, నడక నెమ్మది చేశాను. నాలుగు నిమిషాల పని. ముందు రోజే చేయనందుకు మిమ్మల్ని తిట్టడం న్యాయం కాదు గానీ, తిట్టకుండా ఉండలేను.

ఎందుకంటే వీడియో చేయించుకున్న పార్టీ వారు బాకీ డబ్బు ఆ సోడా బండివాడి దగ్గర వసూలు చేసుకోమన్నారు.

ఇట్లు,
తమ బాధితుడు