మస్టాంగ్ కారు మీద గుర్రం గారికి ఒక బహిరంగ లేఖ

గుర్రం గారికి నమస్కారాలు,

ఎలా ఉన్నారు అని అడుగుదామనే ఉంది కానీ మీరు అరవై ఏళ్ళుగా ఫోర్డ్ కంపెనీ వాళ్ళ మస్టాంగ్ కారు మీద ఎడమవైపుకి తిరిగి పరిగెడుతూనే ఉన్నారు, ఆగి జవాబు చెప్పే తీరిక ఎక్కడిది మీకు. 2024లో మీకు షష్టిపూర్తి అయింది. మా వైపు షష్టిపూర్తి అంటే పెద్దాయన్ని పీటల మీద కూర్చోబెట్టి, పెద్దావిడకి మళ్ళీ తాళి కట్టించి, పిల్లలంతా బట్టలు పెట్టి కాళ్ళకి దణ్ణం పెడతారు. మీ ఇంట్లో ఏం జరిగిందయ్యా అంటే, సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మీ అసలు రెండు తలుపుల మస్టాంగ్ 44 వేలు అమ్ముడైతే, మీ పేరు పెట్టుకున్న కరెంటు మనవడు మస్టాంగ్ మాక్-ఈ 51 వేలు దాటేశాడు. తాత షష్టిపూర్తి భోజనాల్లో మనవడే హీరో అన్నమాట, ఫోటోలన్నీ వాడివే.

సంతోషమే, మనవడు బాగుపడితే ఎవరికి మంట. నా గొడవ వాడి బారసాల గురించి.

మా బావ సంగతి చెప్పాలి ముందు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు, పోయినేడాది వాళ్ళ నాన్నకి, అంటే మా మామయ్యకి, ఫోన్ చేసి "నాన్నా, మస్టాంగ్ కొన్నా" అన్నాడు. మా మామయ్య ఎప్పుడో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్ర మస్టాంగ్ ఒకటి చూశాడు, ఇండియాకి మీరు 2016లో 65 లక్షల రేటుతో వచ్చారు కదా, ఆ రోజుల్లో. పొడుగు ముక్కు, రెండే తలుపులు, సిగ్నల్ దగ్గర నిలబడి కూడా గుర్రుగుర్రుమంటోందని ఇప్పటికీ చెప్తాడు. ఇంక తెనాలిలో పొద్దున వాకింగ్ బ్యాచ్ మొత్తానికి తెలిసిపోయింది, మావాడు మస్టాంగ్ కొన్నాడని. తర్వాత మామయ్య అమెరికా వెళ్ళాడు, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో సామాన్ల బండి తోసుకుంటూ ఎర్ర కారు కోసం వెతుకుతున్నాడట, బావేమో ఓ తెల్లటి ఎత్తు కారు పక్కన నిలబడి చెయ్యూపుతున్నాడు. మామయ్య దగ్గరికెళ్ళి దాని చుట్టూ ఒక రౌండ్ వేసి, ముందు మీ బొమ్మ చూసి, "గుర్రం ఉంది సరే, మస్టాంగ్ ఏదిరా?" అన్నాడు.

తర్వాత తలుపు. హ్యాండిల్ ఉండాల్సిన చోట నున్నగా రేకు తప్ప ఏమీ లేదు, మామయ్య ఆవుని నిమిరినట్టు తలుపంతా నిమిరాడు, చివరికి బావ వచ్చి చిన్న గుండ్రటి బటన్ నొక్కితే టక్కుమని ఊడి ఇంత సందు ఇచ్చింది. ఇంజన్ ఉండాల్సిన చోట డిక్కీ ఉంది. అది మాత్రం మామయ్యకి తెగ నచ్చింది ఎందుకంటే ఆవకాయ జాడీలు అందులో పెట్టారు, నూనె కారినా పర్లేదు, నీళ్ళు పోసి కడిగేస్తే అడుగున కన్నంలోంచి పోతాయట. బయల్దేరాక చప్పుడు లేదు. మామయ్య మొహం చూసి బావ స్క్రీన్ మీద ఏదో నొక్కాడు. ఈ బండికి మూడు మూడ్స్ ఉంటాయి, విస్పర్, ఎంగేజ్, అన్‌బ్రైడిల్డ్ అని, మూడోదానికి కళ్ళెం తీసేసిన గుర్రం అని అర్థం. కళ్ళెం తీసేశాక సీట్ల చుట్టూ ఏదో హోరు మొదలైంది.

"ఏంట్రా ఆ మోత?"

"పవర్ సౌండ్ నాన్నా, స్పీకర్లలోంచి వస్తుంది."

"ఇంజన్ లేదన్నావుగా?"

"లేదు."

మామయ్య ఇంకేమీ అడగలేదట, కిటికీలోంచి టెక్సాస్ చూస్తూ కూర్చున్నాడు.

ఇదిగో గుర్రం గారూ, ఇక్కడ మీరు "అందుకే చెప్పాను, పరువు తీశారు" అని సకిలించక్కర్లేదు, మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా మాకు తెలుసు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో 2,368 డాలర్లకి మీరు దిగినప్పుడు మొదటి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి, రెండేళ్ళు తిరక్కుండా పది లక్షల కార్లు. కానీ ఆ అందమైన చొక్కా లోపల ఉన్నది ఫాల్కన్, పిల్లల్ని స్కూల్లో దింపి కూరగాయలు తెచ్చుకునే ఫ్యామిలీ కారు. పాత ఒంటికి కొత్త చొక్కా తొడిగి మురిపించడం మీరూ చేసిన పనే. ఇప్పుడు కొత్త ఒంటికి పాత పేరు తగిలించారు, తేడా అంతే.

అసలు పేరు కూడా మీ సొంతం కాదు. యుద్ధ విమానం పి-51 మస్టాంగ్‌ని చూసి పెట్టారని కొందరు, కాదు గుర్రాన్ని చూసే అని ఇంకొందరు, ఆ పంచాయితీ అలా ఉంచితే ఆ పదం స్పానిష్ వాళ్ళ మెస్తెన్యో నుంచి వచ్చింది, అంటే యజమాని లేకుండా తిరిగే పశువు. మా భాషలో చెప్పాలంటే అచ్చోసిన ఆంబోతు. ఎవడికీ చెందనిది అనే మాట మీద ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్ వేసుకుని కూర్చుంది చూశారా, దీనికి మించిన వ్యంగ్యం నేనేం రాయను. జర్మనీలో అయితే ఆ పేరు మీద హక్కు క్రుప్ కంపెనీ దగ్గర ఉండిపోయింది, అందుకని అక్కడ 1970ల చివరిదాకా మిమ్మల్ని టి-5 అని అమ్మారు. పేరు లేకుండా అదే ముక్కు, అదే ఇంజన్, అదే పరుగు. కావాల్సింది గుర్రమే అయితే పేరు లేకపోయినా నడిచింది మరి.

1974 సంగతి కూడా ఎత్తాలా? పెట్రోల్ రేట్లు మండిపోతున్న టైమ్‌లో పింటో అనే చిన్న కారు వస్తువులతో మస్టాంగ్ టూ అని ఒకటి చేశారు, ఆ ఏడాది దానికి ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ కూడా లేదు. ఈ రోజు మీ అభిమానులు దాని ఊసెత్తితే మొహం తిప్పుకుంటారు కానీ తొలి ఏడాది మూడు లక్షల ఎనభై అయిదు వేల పైచిలుకు అమ్ముడైంది. తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అంటే, జనం క్యూ కట్టి మరీ చూశారు.

మరి అన్నీ తెలిసి ఈ లేఖ ఎందుకు రాస్తున్నట్టు అంటారా, 1980ల కథ కోసం. మీకు బాగా గుర్తుండే ఉంటుంది, అప్పుడు మీ ప్రాణం మీదికి వచ్చింది. వెనక చక్రాలు తిప్పే పెద్ద ఇంజన్ల కాలం అయిపోయింది, జపాన్ వాళ్ళలా తేలిగ్గా చేద్దాం అని, మాజ్దాతో కలిసి ముందు చక్రాలు తిరిగే కారు ఒకటి తయారు చేశారు, అదే రేపటి మస్టాంగ్ అన్నారు. ఆ మాట బయటికి పొక్కింది. అప్పట్లో ట్వీట్లు లేవు, జనం కాగితం తీసుకుని, పెన్ను తీసుకుని, స్టాంపు అంటించి కుప్పలు కుప్పలుగా ఉత్తరాలు రాశారు, దాన్ని మస్టాంగ్ అంటే మేం ఒప్పుకోం అని. కంపెనీ వెనక్కి తగ్గింది. కానీ ఆ కొత్త కారుని చంపలేదు, మంచి కారే కదా పాపం, దానికి ప్రోబ్ అని వేరే పేరు పెట్టి 1988లో బజార్లోకి వదిలారు. దాని కాళ్ళ మీద అది తిరిగింది, 1997 దాకా అమ్ముకుంది, ఆగిపోయింది. మీరేమో పాత ఒంటితోనే 1993 దాకా లాగించి, తర్వాత కొత్త ఒళ్ళు తెచ్చుకున్నారు. ఇందులో అసలు మజా ఏంటంటే, ఆ ప్రోబ్‌ని తయారు చేసిన మిషిగన్ ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలోనే 2004 నుంచి మిమ్మల్ని తయారు చేస్తున్నారు. మీ సింహాసనం ఎక్కబోయినవాడి ఇంట్లో మీరు అద్దెకి దిగారు.

నాకు ఆ తీర్పు న్యాయంగా అనిపిస్తుంది. పోలిక లేని పిల్లాడికి వాడి పేరు వాడికి పెట్టారు. కరెంటు కారు మీద నాకేం కోపం లేదండీ, నాలుగు తలుపుల మీద అసలే లేదు, మా మామయ్య మోకాళ్ళకి ఆ ఎత్తు సీటే హాయి, మీ అసలు కారు వెనక సీట్లో మా అత్తయ్యని కూర్చోబెడితే బయటికి తియ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. మెక్సికోలో తయారైతే ఏంటి, ఎక్కడ తయారైతే ఏంటి. మా బజాజ్ వాళ్ళు కూడా 1972 నాటి చేతక్‌ని 2020లో ప్లగ్గు పెట్టి మళ్ళీ తెచ్చారు, అదీ గుర్రం పేరే, రాణా ప్రతాప్ గుర్రం. ఎవరూ పెద్దగా గొడవ పడలేదు ఎందుకంటే అది అప్పుడూ స్కూటరే, ఇప్పుడూ స్కూటరే. చేతక్ అని చెప్పి ఆటో అమ్మితే అప్పుడు మాట్లాడుకునేవాళ్ళం. మీ కజిన్ కాప్రీకి యూరప్‌లో అదే జరిగింది, 1986లో ఆగిపోయిన సన్నటి కూపే పేరుని 2024లో లావుపాటి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి తగిలించారు.

మాక్-ఈ మంచి కారే అయితే దానికి మీ బొమ్మ ఎందుకు, అదీ కంపెనీ సొంత బ్యాడ్జ్ కూడా పెట్టకుండా ముందు మిమ్మల్ని ఒక్కళ్ళనే నిలబెట్టి? పెళ్ళిచూపుల్లో కుర్రాడి గురించి అడిగితే వాళ్ళ తాత జమీందారు అని చెప్పినట్టు ఉంది. కుర్రాడు ఉద్యోగం చేస్తున్నాడు, బుద్ధిమంతుడు, ఆ మాట చెప్తే చాలదా?

కాబట్టి గుర్రం గారూ, మీరు మీ వాళ్ళతో ఒకసారి మాట్లాడండి. 1988 నాటి ప్రోబ్ ఫైల్ బీరువాలో ఎక్కడో ఉంటుంది, తీయించండి. మీ వయసు పోటీదార్లు ఎవరూ మిగల్లేదు, డాడ్జ్ వాళ్ళ చాలెంజర్, షెవ్రొలే వాళ్ళ కమారో రెండూ 2023 చివర్లో పోయాయి, 5 లీటర్ల వి8తో గేరు రాడ్ పట్టుకుని పరిగెడుతున్నది మీరొక్కరే. మీ పేరు మీ దగ్గరే ఉంచుకుంటే అడిగేవాడు లేడు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. మనవడికి తాత పేరు పెడతారు, కానీ కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు, పిల్లాణ్ణి ఆ పేరు పెట్టి తిట్టనూ కూడదు, అందుకని వాణ్ణి ఇంట్లో బుజ్జి అనో చిన్నోడు అనో పిలుస్తారు, అసలు పేరు రేషన్ కార్డులో ఉండిపోతుంది. మొన్న ఫ్రిస్కోకి వీడియో కాల్ చేస్తే మామయ్య గరాజ్‌లో ఉన్నాడు, చేతిలో ఛార్జర్ వైరు. బావ లోపల్నుంచి ఏదో అరిచాడు. మామయ్య వెనక్కి తిరిగి, "తెల్లోడికి ప్లగ్గు పెట్టి వస్తున్నా, ఉండరా" అన్నాడు.

ఇట్లు,
మీ ఎర్ర కారు కొనే స్తోమత లేని అభిమాని