ఎడిట్ బ్లాంక్ గారి సముఖమునకు

మహారాజశ్రీ ఎడిట్ బ్లాంక్ గారికి,

హన్మకొండ నుంచి మీ బాధితుడు రాయునది. ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా మీతోనే గడిపాను కాబట్టి ఆ అబద్ధం రాయలేను. ఇక మీ క్షేమం అడగాల్సిన పనే లేదు. మీరు ఎప్పుడూ బ్లాంకే.

నిన్న లాస్ట్ డేట్. చూపు లేనివాళ్లకు కేటాయించిన పోస్టుకు, చూపుంటే తప్ప నింపలేని అప్లికేషన్ పెట్టారు. పెట్టింది ఎవరో చెప్పను. ఉద్యోగం వస్తే అక్కడే పనిచేయాలి కదా.

స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి ట్యాబ్ కొట్టాను. "ఎడిట్, బ్లాంక్" అంది. అంటే ఇక్కడ రాసే గడి ఒకటి ఉంది, అది ఖాళీగా ఉంది అని. మళ్లీ కొట్టాను. "ఎడిట్, బ్లాంక్." ఇంకోసారి. "ఎడిట్, బ్లాంక్." పెండ్లికి పోతే పరిచయం చేసేవాడు "ఈయన మనిషి, ఆయన మనిషి, ఆ మూలన కూర్చున్నామె కూడా మనిషి" అని చెప్పి పోయినట్టుంది. అయ్యా, మనిషని తెలుసు. మా మేనమామ ఎవరో చెప్పండి.

ఇందులో ఎన్‌వీడీఏ తప్పు ఇసుమంత కూడా లేదు. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్ కూడా చూపు లేనివాడే. అది నాదాకా ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చింది. దాని తెలుగు గొంతు జలుబు చేసిన హెడ్మాస్టరులా ఉంటుంది, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. బ్రౌజర్ ఏం అందిస్తే అదే చదువుతుంది: మీ పేరు, మీరు చేసే పని, ఇప్పుడు మీ పరిస్థితి. మీ పని ఎడిట్ అని చెప్పింది. మీ పరిస్థితి బ్లాంక్ అని చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు. ఎవరైనా పెడితే కదా చెప్పడానికి!

చిత్రమేమిటంటే, చూపున్నవాళ్లకు మీ పేరు మీ పక్కనే కనిపిస్తుందట. పీటల మీద పెండ్లికొడుకు, పెండ్లికూతురు పక్కపక్కనే కూర్చున్నారు. బాజాలు మోగుతున్నాయి, ఫోటోలు కూడా తీశారు. తాళి కట్టడం ఒక్కటే మర్చిపోయారు. ఫారం తయారుచేసేవాళ్లు పేరును గడికి కట్టే లేబుల్ అనే ట్యాగ్‌లో మీ ఐడీ రాస్తే చాలు, ఒక్క ముడి. మూడు కూడా అక్కర్లేదు. ఆ ఏర్పాటు వెబ్ పేజీలు రాసే భాషలో, హెచ్‌టీఎంఎల్ 4తో, 1997లోనే వచ్చింది. అప్పటికి నాకు ఆరేళ్లు, పలక మీద అక్షరాలు కాస్తో కూస్తో కనిపించేవి. ఆ కాస్త చూపు పోయి చాలా ఏళ్లయింది. మీ ముడి మాత్రం ఇంకా పడలేదు.

సరే, పక్కనే ఉందన్నారు కదా అని ఎస్కేప్ కొట్టి, పేజీని వరుసగా చదివే బ్రౌజ్ మోడ్‌లోకి వచ్చి, పైబాణంతో వెనక్కి వెళ్లాను. అక్కడ పేర్లన్నీ ఒక కుప్పగా దొరికాయి. "అభ్యర్థి పేరు స్టార్. తండ్రి పేరు స్టార్. తల్లి పేరు స్టార్. పిన్‌కోడ్ స్టార్. మొబైల్ నంబర్ స్టార్." మా బాపు స్టార్ అయినందుకు సంతోషమే. కానీ పేర్లు ఒక వరుస, గళ్లు ఇంకో వరుస. ముందు పేర్లన్నీ చదివి, తర్వాత మిమ్మల్నందరినీ చదువుతుంది. అంటే ఏ పేరు ఎవరిదో నేనే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. పద్నాలుగు పేర్లు కంఠస్థం చేసి, పద్నాలుగు గళ్లు నింపాను. అయిపోయింది అనుకొని ట్యాబ్ కొడితే, "ఎడిట్, బ్లాంక్." పదిహేనో గడి!

గుండె జారిపోయింది. అయినా మొండిగా సబ్మిట్ కొట్టాను. "తల్లి పేరులో అంకెలు ఉండరాదు" అని ఒక డబ్బా వచ్చింది.

అప్పుడు అర్థమైంది. అభ్యర్థి పేరు అనే ఒక్క మాటకు రెండు గళ్లు పెట్టారు: ఇంటిపేరుకు ఒకటి, పేరుకు ఒకటి. దాంతో అందరూ ఒక మెట్టు కిందికి జారారు. నా పేరు నా ఇంటిపేరైంది. మా బాపు నేనయ్యాడు. మా అమ్మ మా బాపు అయింది. మా అమ్మ పేరు 506001.

అదే అమ్మ చాయ్ పట్టుకొని వచ్చి, "ఒడిసిందా బిడ్డా?" అంది. ఏం చెప్పను?

ఆ డబ్బా మూసేస్తే ఇంకో వాక్యం వచ్చింది: "దయచేసి ఎరుపు రంగులో చూపిన గళ్లను సరిచేయండి." దయచేసి అన్నారు కదా, ఆ మర్యాదకు నమస్కారం.

మీ చుట్టాల సంగతి కూడా రెండు ముక్కలు రాస్తాను. "అవును, రేడియో బటన్. కాదు, రేడియో బటన్." దేనికి అవును? ప్రశ్న ఎక్కడో పైన ఉంది, వీళ్లతో దానికి సంబంధం లేదు. ధైర్యం చేసి ఒకదానికి అవును కొట్టాను. నేను మాజీ సైనికుణ్ణట. పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టారు, చేత్తో కొట్టనివ్వదు. ఈ నెల నుంచి 1991 దాకా నెలకొకసారి వెనక్కి నొక్కాలి, 400 సార్లు పైనే. నన్ను కనడానికి మా అమ్మ కూడా అంత కష్టపడలేదు. మొత్తం ఫారంలో పేరు, రిక్వైర్డ్ అన్న మాట, అన్నీ పద్ధతిగా కట్టిన గడి ఒకే ఒక్కటి: క్యాప్చా. బొమ్మలో అక్షరాలు చూసి కొట్టమంటుంది. వినడానికి ఏర్పాటు లేదు.

ఇదంతా మళ్లీ సరిచేస్తుంటే ఉలుకూ పలుకూ లేకుండా సెషన్ అయిపోయింది. మళ్లీ మొదటి పేజీ. మళ్లీ ట్యాబ్.

"ఎడిట్, బ్లాంక్."

ఇక నీకు గారు లేదు, మీరు లేదు. నా పేరు అడుగుతావు, మా బాపు పేరు అడుగుతావు, కులం, ఊరు, వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ నంబరు అడుగుతావు. నీ పేరేందిరా అంటే నోరు లేదు. నేను టైపింగ్ పాసయ్యాను, డిగ్రీ పాసయ్యాను, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చదువుకున్నాను. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో అందరూ స్వీట్ల ఫోటోలు పంపుకున్నారు. నాకు వరుసగా "ఇమేజ్, ఇమేజ్" అని వినిపించింది. అంత పెద్ద కోర్టు మాట నీ దాకా రాలేదు. నన్ను ఆపింది నా కళ్లు కాదురా, నువ్వు.

ఐదున్నరకు కర్ర పట్టుకొని చౌరస్తాలో నెట్ సెంటర్‌కు పోయాను. నా పాస్‌వర్డ్ పోరగాడికి చెప్పాను, ఓటీపీ చెప్పాను. లోపల ఇంకో ఐదారుగురు ఉన్నట్టున్నారు, ప్రింటర్ మోత మీద అందరికీ వినపడేట్టు అడిగాడు: "అన్నా, నీకు ఎంత పర్సెంట్ పోయిందే?"

"వంద."

"వందనా?"

"వందే తమ్మీ, కొట్టు."

పిల్లవాడు మంచివాడే. పేరు ఇట్లనే రాయాల్నా అని ఒక్కో అక్షరం అడిగి కొట్టాడు. మా అమ్మకు మళ్లీ పేరొచ్చింది. రేడియో బటన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మౌసు టకటకలు ఎక్కువయ్యాయి. ఒకటి, రెండు, ఐదు, ఆరు.

"ఏమైంది?"

"ఏందన్నా గిది! 'కాదు' అన్న మాట మీద నొక్కితే పడ్తలేదు. పక్కన గా సూది మొనంత సున్నల్నే నొక్కాల్నట. ఎవడు చేసిండో గని!"

ముడి వేసి ఉంటే మాట మీద నొక్కినా పడేది. నాలుగున్నర గంటల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"కూసో తమ్మీ," అన్నాను, "గది నీకు గూడ పేరు చెప్పలేదా?"

ఇట్లు,
మాజీ సైనికుడు కాని,
506001 కొడుకు