సినిమా అయ్యేదాకా ఆగుదాం

శుక్రవారం పొద్దున్న ఆరింటికి మన ఊళ్ళో థియేటర్ గేటు ఇంకా తీసి ఉండదు, క్యాంటీన్ అతను సమోసాలకి పిండి కలుపుతూ ఉంటాడు, కానీ అప్పటికే ఆ సినిమా మీద తీర్పు వచ్చేసి ఉంటుంది. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్లు పడతాయి, మనకి అది శుక్రవారం తెల్లవారుజాము, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సీట్లో కూర్చున్న కుర్రాడు ఇంటర్వెల్ కార్డు పడంగానే ఫోన్ తీసి "ఫస్టాఫ్ యావరేజ్, ఇంటర్వెల్ బ్యాంగ్ ఓకే, సెకండాఫ్ మీదే ఆశలు" అని కొట్టేస్తాడు, మనం పళ్ళు తోముకునేలోపు ఆ ఒక్క లైను అనంతపురం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేస్తుంది. అక్కడ సినిమా ఇంకా సగమే అయింది. ఇక్కడ మాత్రం బుకింగ్ యాప్ తెరిచిన చెయ్యి ఆగిపోతుంది.

ఆ కుర్రాడిని తిట్టాలని మాకు లేదు. ఊరు కాని ఊళ్ళో నలుగురు తెలుగువాళ్ళ మధ్య కూర్చుని మన సినిమా చూడాలని ఎక్కువ రేటు పెట్టి మరీ వెళ్ళాడు, ఆ ఆత్రం మనకి తెలియనిది కాదు. బాధ ఎక్కడంటే ఆ లైను చదివి హాల్లోకి వెళ్ళినవాళ్ళు సినిమా చూడరు, ఆ లైను నిజమా కాదా అని చూసుకుంటారు. నవ్వొచ్చే సీన్ వస్తే "ఓ, బాగుందన్న కామెడీ ఇదేనా" అనుకుంటారు, విశ్రాంతి తర్వాత పది నిమిషాలు కాగానే "ఇక్కడినుంచే ల్యాగ్ అన్నారు కదా" అని టైం చూసుకుంటారు. మన నవ్వూ మన ఏడుపూ మన విసుగూ అన్నీ ఎవరో ముందే వాడేసి మనకి మిగిల్చి ఇచ్చినట్టు ఉంటోంది.

మా విలేకరి ఒకరు ఈమధ్య ఒక చిన్న టౌన్లో సింగిల్ స్క్రీన్‌కి మంగళవారం సెకండ్ షోకి వెళ్ళారు. అక్కడ ప్రొజెక్షన్ రూంలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఉన్నారు, రీళ్ళు మోసి రీళ్ళు మార్చిన మనిషి, ఇప్పుడు సర్వర్లో సినిమా లోడ్ చేసి బటన్ నొక్కుతున్నారు. గోడకి ఉన్న చిన్న కన్నంలోంచి హాలు వైపు చూపించి ఆయన అన్న మాట ఇది: "అప్పట్లో సినిమా ఎలా ఉందో పాటొస్తే తెలిసిపోయేదండి, ఎంతమంది లేచి సిగరెట్టుకి పోతున్నారో లెక్కపెట్టుకుంటే చాలు. ఇప్పుడెవరూ లేవరు, కూర్చున్న చోటే ఫోన్ తీస్తారు. సినిమా బాగున్నా తీస్తున్నారు, బాగోకపోయినా తీస్తున్నారు, ఇక నాకేం తెలుస్తుంది చెప్పండి." ఆ కన్నంలోంచి చూస్తే నిజంగానే హాలంతా అక్కడక్కడ నీలం వెలుగులు, ఒకటి ఆరిపోతే ఇంకోటి వెలుగుతోంది, తెర మీద ఒక తల్లి కొడుకుతో ఏదో చెప్తోంది, అదేంటో వినేవాళ్ళు తక్కువ.

సినిమాకి స్పందించడం అనేది తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేల టికెట్టులో కూర్చున్నోళ్ళు "ఒరేయ్ వెనకాల ఉన్నాడ్రా" అని హీరోని కేకేసి హెచ్చరించిన జాతి మనది. దేవుడి సినిమా వస్తే హాల్లోనే కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు, హీరో ఎంట్రీకి కాగితాలు ఎగరేశారు, చెల్లెలి సెంటిమెంటు దగ్గర పమిట చెంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చి, ఇంటర్వెల్లో ఏమీ జరగనట్టు సోడా తాగి, మళ్ళీ వెళ్ళి ఏడ్చారు. ఇందులో ఏదీ ఇంకొకరికి చూపించడానికి చేసింది కాదు, పక్కవాడు ఏమనుకుంటాడో అన్న ఆలోచన కూడా లేదు. ఇంకో సంగతి, అప్పటి టాక్‌కి కాళ్ళే ఉండేవి, అది నడిచి వెళ్ళేది. మొదటి వారం కుర్రకారు చూసేవాళ్ళు, వాళ్ళు ఇంటికెళ్ళి అక్కకో వదినకో చెప్తే రెండో వారం మ్యాట్నీకి ఆడవాళ్ళు కదిలేవాళ్ళు, ఆ తర్వాత పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక సినిమా ఏంటో తేలడానికి కనీసం రెండు మూడు వారాలు పట్టేది, ఆ రెండు మూడు వారాలే కొన్ని మంచి సినిమాలని బతికించాయి.

దీనికి శంకరాభరణం కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1980 ఫిబ్రవరి 2న రిలీజైంది. పేరున్న హీరో లేడు, ఫైట్లు లేవు, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేస్తున్న జె.వి.సోమయాజులు గారు ముసలి సంగీత విద్వాంసుడిగా చేశారు, కొనడానికి బయ్యర్లు వెనకాడారు, మొదటి రోజుల్లో హాళ్ళు పలచగా ఉన్నాయి. అది ఇవాళ రిలీజై ఉంటే ఏం జరిగేదో ఒకసారి ఊహించండి, పది గంటల షోకి ఖాళీ సీట్ల ఫోటో, పక్కన "డిజాస్టర్" అని ఒక ముక్క, మధ్యాహ్నానికి షోలు తీసేసి పక్క సినిమాకి ఇచ్చేవాళ్ళు, సోమవారానికి ఆ సినిమా ఉండేది కాదు. అప్పుడు అలా జరగలేదు కాబట్టి చూసినవాళ్ళు ఇంకో నలుగురికి చెప్పారు, ఆ నలుగురు ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని మళ్ళీ వెళ్ళారు, అలా అలా పెరిగి తమిళనాడులో, కర్ణాటకలో కూడా తెలుగులోనే ఆడింది, జాతీయ అవార్డు తెచ్చింది. కె.విశ్వనాథ్ గారి సినిమాని గెలిపించింది ఆ నోటి మాట, దానికి కాస్త వ్యవధి ఇచ్చిన ఆ రోజులు.

వ్యవధి ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి దగ్గరి ఉదాహరణ ఖలేజా. 2010 అక్టోబర్‌లో వచ్చినప్పుడు ఫ్లాప్ అన్నారు, నిజంగానే ఫ్లాపైంది కూడా. తర్వాత టీవీలో వేసినకొద్దీ జనం చూశారు, డైలాగులు ఇళ్ళల్లో మామూలు మాటల్లో కలిసిపోయాయి, 2025 మే 30న మళ్ళీ థియేటర్లలో వేస్తే హాళ్ళు నిండిపోయాయి. సినిమా అదే. మరి ఆ పదిహేనేళ్ళ కిందటి తీర్పు ఎవరిది, దాన్ని నమ్మి వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు పోగొట్టుకుంది ఏంటి? ఇప్పుడు రీ రిలీజ్‌లకి ఎగబడుతున్న కుర్రాళ్ళలో చాలామంది అది మొదటిసారి వచ్చినప్పుడు బళ్ళో చదువుకునే వయసు వాళ్ళు, వాళ్ళకి ఆనాటి టాక్ తెలీదు, అందుకే హాయిగా చూస్తున్నారు.

టాక్ ఎందుకు చూసుకుంటున్నారని జనాన్ని అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. నలుగురున్న ఇల్లు సిటీలో మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, పార్కింగ్, పిల్లలకి పాప్‌కార్న్, అన్నీ కలిపి వారం సరుకుల ఖర్చు అయిపోతోంది, అంత పెట్టేవాడు ముందు నాలుగు మాటలు అడిగి వెళ్ళడంలో తప్పేముంది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పెద్ద సినిమా వస్తే చాలు మొదటి వారం పది రోజులు రేట్లు పెంచుకోడానికి ప్రభుత్వాల దగ్గర జీవో తెచ్చుకుంటున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అయితే పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్టు 5 రూపాయలకి దించేశారు, 2022 మార్చిలో మళ్ళీ మార్చారు, ఇప్పుడు సినిమా సినిమాకీ పెంచుకోడానికి పర్మిషన్లు, అంటే ఆ చివర నుంచి ఈ చివరకి. ఫలితం ఏంటంటే రేటు మామూలుకి వచ్చేదాకా ఆగుదాం అనుకున్న కుటుంబం రెండో వారం టికెట్ కొందామని చూసేసరికి సినిమా చచ్చిపోయి ఉంటుంది, ఎందుకంటే దాని టాక్ మూడో రోజే అయిపోయింది. రేటు పది రోజులు, ఆయుష్షు మూడు రోజులు. ఈ మధ్యలో ఇంటిల్లిపాది ఎక్కడ చూడాలి? నాలుగు వారాలాగితే ఓటీటీలో వస్తుందని వాళ్ళు ఇంట్లో కూర్చుంటే ఆ తప్పు వాళ్ళది కాదు.

అభిమానుల సంగతి. మన హీరో సినిమా బాగుందని చెప్పుకోవడం ముచ్చటే, కానీ పక్క హీరో సినిమా మొదటి షో మొదలవకముందే పోయిందని రాయడం ఎందుకు? చూడని సినిమాకి ఒక స్టార్ ఇవ్వడం ఎందుకు? ఆ సినిమాలో మూడొందల మంది పని చేసి ఉంటారు, లైట్లు మోసినవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, ఎడిటింగ్ రూంలో నిద్ర లేకుండా కూర్చున్నవాళ్ళు, మీ కోపానికీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. నిర్మాతలూ తక్కువ తినలేదు, శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి "బ్లాక్‌బస్టర్" పోస్టర్ దింపేస్తారు, డబ్బులిచ్చి పొగిడించుకుంటారు, ఎవరూ నమ్మని కలెక్షన్ అంకెలు వేసుకుంటారు, తర్వాత ఎవరైనా బాగోలేదంటే కుట్ర అంటారు. పొగడ్తకి తొందరపడ్డవాళ్ళకి తిట్టు తొందరగా వచ్చిందని ఏడ్చే అర్హత ఉండదు.

ఈ "ముందు నేనే" అన్న పోటీ ప్రాణాల మీదకి కూడా తెచ్చింది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక పెద్ద సినిమా ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ ఇల్లు కోరుకుంది అందరితోపాటు ఒక సినిమా చూడటం, అంతకు మించి ఏమీ లేదు. దానికి రెండేళ్ళ ముందు తాడేపల్లిగూడెంలో ఒక రీ రిలీజ్ షోలో హాల్లోపలే టపాసులు కాలిస్తే సీట్లు అంటుకున్నాయి, జనం బయటికి పరిగెత్తారు. తెర మీద హీరో పేరు పడుతున్న ముక్క ఫోన్లో తీసి పెట్టడం కూడా ఈ పోటీలోదే, సరదాకి తీస్తున్నాం అనుకుంటున్నారు గానీ 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో సినిమాని రికార్డు చేస్తే మూడు నెలలకి తగ్గకుండా జైలు, 3 లక్షలకి తగ్గకుండా జరిమానా. పిల్లలకి ఇది చెప్పండి, చాలామందికి తెలీదు.

మరి రివ్యూలు ఆపేయాలా? కొందరు నిర్మాతలు అదే అడుగుతున్నారు. కేరళలో హైకోర్టుకి సలహా ఇచ్చిన అమికస్ క్యూరీ 2024లో 48 గంటలు ఆగాలని సూచించారు, అదే ఏడాది నవంబర్‌లో యూట్యూబ్ చానళ్ళని థియేటర్ల ఆవరణలోకి రానివ్వొద్దని తమిళ నిర్మాతలు అడిగారు, ఆ తర్వాత వాళ్ళ సంఘం ఒకటి మొదటి మూడ్రోజులు రివ్యూలు ఆపాలని మద్రాస్ హైకోర్టుకి వెళ్ళింది, కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. డబ్బులు పెట్టి చూసినవాడు బాగోలేదంటే నోరు మూయమనే అధికారం ఎవరికీ ఉండకూడదు, ఇవాళ సినిమా గురించి మాట్లాడొద్దంటే రేపు ఇంకోదాని గురించి అంటారు. మేము అడిగేది నిషేధం కాదు, మర్యాద. సినిమా పూర్తిగా చూసి చెప్పండి, ఫస్టాఫ్‌కి వేరే తీర్పు వద్దు. అన్నం సగం ఉడికినప్పుడు మూత తీసి రుచి చెప్పేవాళ్ళని వంటింట్లోకి రానివ్వం కదా.

మేమూ ఈ తప్పులో ఉన్నాం, అది దాచుకుంటే ఈ సంపాదకీయం రాసే హక్కు మాకు ఉండదు. మార్నింగ్ షో అవుతుండగానే మా డెస్క్ నుంచి మా రివ్యూయర్‌కి ఫోన్లు వెళ్ళేవి, పక్క పేపర్ వాళ్ళది వచ్చేసింది మనదేదీ అని. ఆయన హాల్లోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇరవై నిమిషాల్లో టైపు చేసి పంపేవారు. ఒకసారి ఒక చిన్న సినిమాకి అలాగే రెండున్నర స్టార్లు ఇచ్చి, వారం తర్వాత ఇంటివాళ్ళతో మళ్ళీ చూసి, "నేను దానికి అన్యాయం చేశానండి" అని ఆయనే మా దగ్గరికొచ్చి అన్నారు. అప్పటికి ఆ సినిమా ఏ హాల్లోనూ లేదు. రెండున్నరకీ రెండు ముప్పావుకీ తేడా ఏంటని మమ్మల్ని మేము అడుగుకుంటే మా దగ్గర జవాబు లేదు, ఆ పావు వల్ల మాత్రం కొన్నిచోట్ల షోలు పోయి ఉంటాయి.

అందుకని వచ్చే శుక్రవారం నుంచి మా సినిమా పేజీలో స్టార్లు ఉండవు. రివ్యూ శనివారం పేపర్లో కాకుండా సోమవారం వస్తుంది, మా రివ్యూయర్ ఒక షో సింగిల్ స్క్రీన్లో, ఒక షో కుటుంబాలు వచ్చే టైంలో చూశాకే రాస్తారు. రెండో వారం కూడా ఆడుతున్న సినిమాలకి మళ్ళీ చోటిస్తాం. ఆదివారం సగం పేజీ పాఠకులది, మీరు చూసిన సినిమా గురించి రాసి పంపండి, హిట్టా ఫట్టా మాకొద్దు, ఏ సీన్ దగ్గర ఊపిరి బిగబట్టారో, ఎక్కడ విసుగొచ్చిందో, పక్కన కూర్చున్న అమ్మమ్మ ఏమందో, ఇంటికెళ్ళాక అన్నం తింటూ దేని గురించి మాట్లాడుకున్నారో అది రాయండి. బాగోలేదని రాసినా వేస్తాం, ఎందుకు బాగోలేదో ఉంటే చాలు. మీ ఊరు, ఏ రోజు ఏ షో చూశారో తప్పకుండా రాయండి.