రెండు రాత్రులూ పోయాయి

ఐస్ హాకీలో మా కాలేజీ జట్టుకు పరాయి రింకులో (మంచు మైదానంలో) శుక్రవారం ఓటమి, శనివారం ఓటమి! మా కాలేజీ హాకీ లీగులో నిర్ణీత సమయంలో గెలిస్తే మ్యాచుకు 3 పాయింట్లు. మొత్తం 6 పాయింట్లూ మంచుపాలు. మొదటి రోజు ప్రయాణ బడలిక అనుకుందాం. రెండో రోజు ఏమయింది? మళ్లీ అవే పెనాల్టీలు! 200 అడుగుల రింకులో ప్రత్యర్థి గోలు వెనుక, మనకు ఏ ప్రమాదమూ లేని చోట, కర్రను కాళ్లకు అడ్డం పెట్టడం ఎందుకు? 2 నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవడానికా? వాళ్ల ఆటగాడు పెనాల్టీ బాక్సులో ఉండి మనకు ఒకరు ఎక్కువగా ఆడే పవర్ ప్లే వస్తే మాత్రం అంచుల వెంట పక్ (ఆడే రబ్బరు బిళ్ల) అందించుకోవడమే. గోలు మీదికి ఎందుకు కొట్టరు? మన గోల్‌కీపర్ ఒక్కడే ఎన్నని ఆపుతాడు? అతడి కళ్లకు అడ్డం నిలిచినవాణ్ని ఒక్కరైనా పక్కకు నెట్టారా? జాతీయ టోర్నమెంటుకు వెళ్లేవి 16 జట్లే! మంచులో అంత దూరం వచ్చి గొంతు చించుకున్న విద్యార్థుల కోసమైనా చివరిదైన మూడో పీరియడ్‌లో పరుగెత్తవద్దా?