రోమన్ బ్రిటన్‌లో ఆఫ్రికావాళ్లు లేరన్న మాట ఎందుకు నిలబడదు

2017 జులైలో మొదలైన ఒక ప్రచారం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బడిపిల్లల కోసం బీబీసీ తీసిన ఒక కార్టూన్ వీడియోలో, రోమన్ బ్రిటన్‌లో, అంటే రోమన్లు పాలించిన నాటి బ్రిటన్‌లో, ఉండే ఒక కుటుంబాన్ని చూపించారు. సైన్యంలో పెద్ద హోదాలో ఉన్న తండ్రి ఒంటి రంగు నలుపు. చరిత్రను పాడు చేస్తున్నారని కొందరు గొడవకు దిగారు. కేంబ్రిడ్జ్‌లో ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రపంచం గురించి పాఠాలు చెప్పిన మేరీ బియర్డ్ మాత్రం, ఆ బొమ్మ చాలావరకు సరైనదే అన్నారు. ఇక ఆవిడ మీద తిట్ల వర్షం. చదువునే కాదు, వయసునీ, ఒంటి తీరునీ, ఆడమనిషి కావడాన్నీ కూడా వదల్లేదు.

ఆ ప్రచారంలో ముఖ్యమైన మాటలు నాలుగు. మొదటిది, అలాంటి మనిషి బ్రిటన్‌లో ఉండే అవకాశమే లేదని.

ఉన్నారు. పేర్లతో సహా రాళ్ల మీద ఉన్నారు. క్వింటస్ లోలియస్ అర్బికస్ బ్రిటన్ గవర్నర్. క్రీ.శ. 139 నాటికే అక్కడ పని చేస్తున్నాడు. స్కాట్లాండ్‌లో ఆంటోనైన్ గోడ కట్టించింది ఆయన హయాంలోనే. ఆయన సొంతూరు టిడ్డిస్, ఇప్పటి అల్జీరియాలో ఉంది. తల్లిదండ్రులకూ సోదరులకూ ఆయన కట్టించిన గుండ్రటి సమాధి ఆ ఊరి దగ్గర ఇంకా నిలిచే ఉంది. బియర్డ్ ఉదాహరణగా చెప్పింది ఈయన పేరే. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ పడమటి కొస వైపు, ఇప్పటి బర్గ్ బై శాండ్స్ దగ్గర, మూడో శతాబ్దంలో మూర్ సైనికుల (వాయవ్య ఆఫ్రికావాళ్ల) దళం ఒకటి కాపలా ఉండేది. 211లో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కన్నుమూసిన చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ పుట్టింది లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఉత్తర ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్‌లో దొరికిన ఒక సమాధి రాయి. విక్టర్, మూర్ జాతివాడు, వయసు ఇరవై. నుమేరియానస్ అనే గుర్రపు దళం సైనికుడి దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడు. ఆ నుమేరియానసే ఎంతో ఆప్యాయంగా అతన్ని సాగనంపాడని రాయి మీద చెక్కారు.

రెండో మాట, ఉత్తర ఆఫ్రికావాళ్లు నల్లగా ఉండరు కాబట్టి ఈ ఉదాహరణలు చెల్లవని. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. అర్బికస్ రంగేమిటో ఎవరూ చెప్పలేరు. రోమన్లు సమాధుల మీద పుట్టిన చోటు రాశారు, సొంత తెగ పేరు రాశారు, ఒంటి రంగు రాయలేదు. కానీ తెలియదన్నప్పుడు ఆయన్ని తెల్లగా గీసినా అది ఊహే. ఆ ఊహ మీద ఇన్నేళ్లలో ఎవరూ గొడవ చేయలేదు! యార్క్‌లో 1901లో బయటపడిన నాలుగో శతాబ్దపు సంపన్న స్త్రీ సమాధిలో ఏనుగు దంతం గాజులు దొరికాయి. ఆమె పూర్వీకుల్లో ఆఫ్రికావాళ్లు ఉండి ఉండొచ్చని, పుర్రెను పరిశీలించిన రీడింగ్ యూనివర్సిటీ బృందం 2010లో చెప్పింది. పుర్రెను బట్టి చెప్పేవి ఒక్కోసారి తప్పుతాయి కూడా. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బీచీ హెడ్ దగ్గర దొరికిన మరో రోమన్ కాలపు స్త్రీది ఆఫ్రికా అని మొదట అనుకున్నారు. తర్వాత డీఎన్ఏ పరీక్షలో ఆమె అక్కడి మనిషేనని తేలింది. అందుకే నేను ఎక్కువగా నమ్మేది శాసనాలనే.

మూడోది డీఎన్ఏ. నేటి బ్రిటిష్ వాళ్లలో ఆఫ్రికా జాడ కనబడదు కాబట్టి అప్పుడు ఆఫ్రికావాళ్లు లేరంటారు. 2015లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో డేనిష్ వైకింగుల (డెన్మార్క్ నుంచి ఓడల్లో వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్ల) జాడ కూడా స్పష్టంగా కనబడలేదు. మరి వైకింగులు ఇంగ్లండ్‌కు రాలేదంటారా? గవర్నర్లు కొన్నేళ్లు ఉండి బదిలీ అయిపోయేవాళ్లు. విక్టర్ ఇరవై ఏళ్లకే పోయాడు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత పుట్టినవాళ్ల రక్తంలో వాళ్లను వెతికితే ఎలా?

ఇక నాలుగోది: బియర్డ్ టీవీ మనిషి, పండితురాలు కాదని. ఇది చదివితే నాకు నిజంగా కోపం వస్తుంది. రోమన్ సేనానుల విజయోత్సవ ఊరేగింపుల మీద 2007లో ఆవిడ ఒక పరిశోధన గ్రంథం రాశారు. వాటి గురించి గట్టిగా తెలుసని అందరూ అనుకునేదాంట్లో ఎంత భాగానికి సరైన ఆధారం లేదో అందులో ఓపిగ్గా విప్పి చూపించారు. ఆ కచ్చితత్వాన్నే టీవీకీ తెచ్చారు. 2012 సిరీస్‌లో చక్రవర్తుల కథలు పక్కనపెట్టి, రోమ్‌లో మామూలు మనుషుల సమాధుల ముందు నిలబడి, ఆ లాటిన్ అక్షరాలను మాటమాటగా చదివి అర్థం చెప్పారు. రొట్టెల వ్యాపారి యూరిసాసిస్ ఎవరో, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు తమ గురించి ఏం రాయించుకున్నారో, లాటిన్ రాని లక్షల మంది ఇంట్లో కూర్చుని తెలుసుకున్నారు.

విక్టర్ రాయి సౌత్ షీల్డ్స్ మ్యూజియంలో ఉంది. మూర్ అని చెప్పే ‘మౌరుమ్’ అన్న లాటిన్ మాట దాని మీద ఇప్పటికీ చదవొచ్చు.