వాద్యాల టేపు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' వారి వాద్యాల టేపు గారి సముఖానికి,

1991 నవంబరు 28న బ్రిటన్ టీవీ సంస్థ బీబీసీ వారి పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో, ముందే రికార్డు చేసిన వాద్యసంగీతాన్ని మోసుకొచ్చిన మీకు జరిగిన పరాభవానికి ఇన్నేళ్లకైనా ఒక సానుభూతి లేఖ రాయకపోతే బాగుండదనిపించింది. అభిమానిని రాస్తున్నాను, అయితే మీ అభిమానిని కాదు, మిమ్మల్ని ఆనాడు నలుగురిలో నవ్వులపాలు చేసిన అమెరికా రాక్ బృందం 'నిర్వాణ' అభిమానిని. కనుక ఈ సానుభూతిని కొంత తరుగు తీసి పుచ్చుకోగలరు.

తప్పు మీది కాదు. ఆ రోజుల్లో ఆ కార్యక్రమం పెట్టిన షరతు ప్రకారం గాయకుడు తన గొంతుతోనే పాడాలి. వాయించేవారు మాత్రం మీరు మోగుతూ ఉంటే వాయిస్తున్నట్టు కనిపిస్తే చాలు. గొంతుకు నిజాయితీ తప్పనిసరి, చేతులకు మినహాయింపు అన్నమాట. 1964లో ఆ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఎందరో మహానుభావులు మీ వంశీకుల ముందు చేతులో పెదవులో ఆడించి, బుద్ధిగా ఇంటికి వెళ్లారు. మా సినిమాల్లో రామారావు గారు పెదవులు కదిపినా పాడింది ఘంటసాల గారని ఊరందరికీ తెలుసు, టైటిళ్లలో పేరూ పడేది. మీకు ఆ పాటి గౌరవమైనా దక్కలేదు.

నిర్వాణ వారు ముగ్గురూ వచ్చినప్పుడు, పేరు చూసి శాంతమూర్తులని భ్రమపడి ఉంటారు. వాళ్ల పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' మొదలవగానే గాయకుడు కర్ట్ కోబేన్ గిటారు తీగలను మీటడం మాని, దోమలను తోలుతున్నట్టు వాటిమీదుగా చెయ్యి ఊపాడు. తారస్థాయిలో గొంతు చించుకోవలసిన పల్లవిని మంద్రస్థాయికి దించి, మైకును మింగబోతున్నంత దగ్గరగా పెట్టుకుని, జోలపాటకూ శోకానికీ మధ్య ఎక్కడో పాడాడు. మొదటి పంక్తిలో మాటలనే మార్చేశాడు. గొంతు నిజంగా వినిపించాలన్నారు కదా, వినిపించాడు; ఏ గొంతో షరతులో రాయకపోవడం అతని నేరమా? డేవ్ గ్రోల్ కర్రలకూ మీలో మోగుతున్న డ్రమ్ములకూ ముఖపరిచయమైనా ఉన్నట్టు కనిపించదు. క్రిస్ట్ నోవోసెలిక్ బేస్ గిటారును వాయిద్యంగా కాక గదలాగా తిప్పాడు.

ఇంత గందరగోళంలోనూ మీరు ఒక్క తాళం తప్పలేదు. వాయించే చేతులు ఖాళీగా ఊగుతున్నా గిటారు గర్జించింది, బేసు తన దారిన తాను నడిచింది. మీలో ఉన్నది ఆ ముగ్గురి వాయిద్యమే గనుక, పరాయివాళ్లు మిమ్మల్ని అవమానించారని ఫిర్యాదు చేసే వీలు కూడా లేదు. అంతకు రెండు నెలల కిందటే విడుదలైన 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌లో వాళ్లు ఒళ్లు దాచుకోకుండా వాయించి పెట్టిన పాటనే, మీ ఎదుట వాళ్లే వెక్కిరించారు. ఆ పాట బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది, మీ కార్యక్రమమూ వారం వారం 2006 దాకా సాగింది; ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, మీ మర్యాదకు తప్ప.

నాకు ఒక్కటే సందేహం. నోవోసెలిక్ చేతిలో గిటారు గాలిలో గిరికీలు కొడుతూ ఉండగా, అదే క్షణంలో మీలోని బేసు ఏమీ ఎరగనట్టు శ్రద్ధగా మోగుతూ ఉన్నప్పుడు, మీకు నవ్వు రాలేదా? వచ్చి ఉంటే అది పాటలో ఏ చోట అణిగి ఉందో తెలియజేయగలరు. అక్కడ కాస్త ధ్వని పెంచి వింటాను.

ఇట్లు,
చేతులు ఊపడమే తప్ప వాయించడం రాని ఒక శ్రోత